పెద్దమ్మ సంతకం కోసం హిందూపురం నుంచి ధర్మవరం దాకా

విదేశాల్లో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళకు మన ప్రభుత్వం ఈమధ్య ఒక కార్డు ఇస్తోంది. పత్రికలు దాన్ని ద్వంద్వ పౌరసత్వం అని రాస్తున్నాయి గానీ, నిజానికి అది జీవితాంతం చెల్లే వీసా. ఓటు ఉండదు, పొలం కొనడానికి వీలుండదు. కానీ ఎప్పుడు కావాలంటే అప్పుడు రావచ్చు, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉండవచ్చు. నాకు కావలసింది ఆ చివరి రెండే. నేను నర్సుని. మస్కట్‌లో కొన్నేళ్ళు పనిచేసి, తొంభైల చివర్లో కెనడా వెళ్ళి, కొన్నాళ్ళకు అక్కడి పౌరురాలినయ్యాను. అప్పటి నుంచి నేను పుట్టిన హిందూపురానికి రావాలంటే వీసా తీసుకోవాలి. వస్తున్నానని చెప్పే కాగితంలోనే ఎప్పుడు వెళ్ళిపోతానో కూడా రాయాలి. నైట్ డ్యూటీలతో మోకాళ్ళు అరిగిపోయాయి. ఏటా చలికాలమంతా ఇటువైపు ఎక్కడైనా ఒక చిన్న ఇల్లు తీసుకుని ఉందామని చాలా రోజులుగా అనుకుంటున్నాం. అందుకే ఈ ప్రయాణం.

అనుకుంటున్నాం అన్నాను కదా, ఆ రెండో మనిషి శారద. తుమకూరు దగ్గర ఒక పల్లెలో పుట్టింది. ఆమె కూడా నర్సే. మస్కట్‌లో ఒకే హాస్టల్ గదిలో పడ్డాం. కలిసి బతకడం మొదలుపెట్టి పదమూడేళ్ళయింది. కెనడాలో చట్టం వచ్చిన తరువాత ఇద్దరం పెళ్ళి చేసుకున్నాం. ఈ బ్లాగులో ఇంతకాలం ఆమెను "స్నేహితురాలు" అనే రాస్తూ వచ్చాను. ఈసారి అలా రాస్తే జరిగింది చెప్పడం కుదరదు. ఇది చదవడం ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. కాగితాల వివరాల కోసం వచ్చినవాళ్ళు మాత్రం చివరిదాకా ఉండండి, పనికొస్తాయి.

ఆ కార్డుకు మనం ఒకప్పుడు భారతీయులమేనని రుజువు కావాలి. చాలామందికి పాత భారతీయ పాస్‌పోర్టు సరిపోతుంది. శారదది భద్రంగానే ఉంది, నాది ఇల్లు మారేటప్పుడు ఒక అట్టపెట్టెతో పాటు పోయింది. అది లేకపోతే జనన ధ్రువపత్రం తెమ్మన్నారు. నేను పుట్టింది ఆస్పత్రిలో కాదు, హిందూపురంలో మా అద్దె ఇంట్లో. నాయన బెల్లం మండీలో గుమాస్తా. పుట్టిన బిడ్డను మున్సిపాలిటీలో రాయించాలని ఆయనకు తోచలేదు, ఎవరూ చెప్పలేదు. అలాంటివాళ్ళకు దారి ఇలా ఉంటుంది. మొదట హిందూపురం మున్సిపాలిటీ నుంచి ఈ జననం మా రికార్డుల్లో లేదని ఒక పత్రం తీసుకోవాలి. దానితో పెనుకొండ ఆర్డీవో ఆఫీసులో అర్జీ పెట్టుకోవాలి. మన పుట్టుక స్వయంగా తెలిసిన పెద్దవాళ్ళెవరైనా నోటరీ ముందు ప్రమాణపత్రం మీద సంతకం చేయాలి. ఆ తరువాత ఆర్డీవో ఉత్తర్వు వస్తే, మున్సిపాలిటీ అప్పుడు నమోదు చేసి ధ్రువపత్రం ఇస్తుంది. అమ్మా నాయనా ఇద్దరూ లేరు. నా పుట్టుక తెలిసిన మనిషి ఒక్కరే మిగిలారు. ధర్మవరంలో ఉన్న మా పెద్దమ్మ రత్నమ్మ, అమ్మకు అక్క. ఆమె రెండేళ్ళుగా నాతో మాట్లాడటం లేదు.

రెండేళ్ళ కిందట పెద్దమ్మే ఫోన్ చేసి కదిరిలో ఒక సంబంధం ఉందని చెప్పింది. భార్య పోయినాయన, కిరాణా హోల్‌సేల్ వ్యాపారం, నాకు నలభై దాటినా పరవాలేదంటున్నాడట. అంతకుముందు వచ్చిన సంబంధాలన్నిటికీ ఏదో ఒక వంక చెప్పి తప్పించుకున్నాను. ఆ రోజు డ్యూటీ దిగి వచ్చి ఉన్నాను. ఇంకో వంక వెతుక్కునే ఓపిక లేకపోయింది. "నాకు పెళ్ళయింది పెద్దమ్మా, శారదతో" అని చెప్పేశాను. ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది. అప్పటి నుంచి నేనెప్పుడు చేసినా ఆమె కొడుకు రమణే ఎత్తేవాడు. అమ్మ పడుకుంది అనో, గుడికి పోయింది అనో చెప్పేవాడు. సంతకం సంగతి కూడా రమణకే చెప్పాను. అడిగి చూస్తానన్నాడు.

బెంగుళూరు నుంచి హిందూపురానికి రైలులో రెండు రెండున్నర గంటల ప్రయాణం. బస్సులూ చాలా ఉన్నాయి గానీ సామాను ఉంటే రైలే నయం. ముందురోజు సాయంత్రం దిగి, బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో గది తీసుకున్నాం. మూడు వందలు, వేడినీళ్ళు పొద్దున మాత్రమే. రిజిస్టరు ముందు కూర్చున్నాయన మా ఇద్దరినీ ఒకసారి చూసి, "అక్కచెల్లెండ్లా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోగా తనే రాసేసుకున్నాడు. మన దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఒక గది అడిగితే ఎవరికీ అనుమానం రాదు. ఇన్నేళ్ళలో మేం అక్కచెల్లెళ్ళమయ్యాం, వదినామరదళ్ళమయ్యాం, ఒకసారి మైసూరులో తల్లీకూతుళ్ళం కూడా అయ్యాం. అక్కడ తల్లిని నేనే కావడం శారదకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. నాకు మాత్రం ఆ నవ్వు ఈమధ్య రావడం లేదు.

పొద్దున బస్టాండు వెనక సందులో ఒకామె బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెడుతుంది. నానబెట్టిన బొరుగులు, పైన పప్పుల పొడి, పక్కన నూనె కారుతున్న బజ్జీలు. తప్పకుండా తినండి. శారద కన్నడంలో ఇంకో బజ్జీ అడిగేసరికి ఆమె కూడా కన్నడంలోకి మారిపోయింది. హిందూపురంలో అది మామూలే, ఒక వాక్యం మధ్యలో భాష మారినా ఎవరూ గమనించరు. తరువాత నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"యాడ నుంచి వస్తాండారమ్మా?"

"కెనడా నుంచి. నేను ఈ ఊరిదాన్నేలే."

"అట్లనా! మీ ఇంటాయన రాలేదా?"

"రాలేదు."

"మరి ఈయమ్మ ఇంటాయన?"

శారద బజ్జీ నములుతూనే, "ఇద్దరికీ లీవ్ దొరకలేదు" అంది. మా మొగుళ్ళకు ఎప్పుడూ లీవ్ దొరకదు. "పాపం" అంటూ ఆమె ఇద్దరి ప్లేట్లలోనూ ఇంకొంచెం ఉగ్గాని వేసింది. మంచి మనిషి. ఆ మంచితనానికి అబద్ధం బదులిచ్చి లేచి వచ్చాం.

మున్సిపాలిటీకి పదిన్నర దాటాక వెళ్ళడం మంచిది, అంతకుముందు కుర్చీలు ఖాళీగా ఉంటాయి. మాకు అక్కడ ఆలస్యం కాలేదు. రమణ నెల ముందే అర్జీ ఇచ్చి ఉంచాడు కాబట్టి గుమాస్తా పేరు అడిగి పత్రం తీసి ఇచ్చాడు. వసుంధర అనే ఆడశిశువు జననం తమ పుస్తకాల్లో లేదని అందులో ఉంది, కింద గుండ్రటి ముద్ర. శారద దాన్ని చదివించుకుని, "ఇన్నేళ్ళూ పుట్టని మనిషితో కాపురం చేశానన్నమాట" అంది. ఆ రోజు మేమిద్దరం కలిసి నవ్వింది అదొక్కసారే.

హిందూపురం నుంచి పెనుకొండకు సోమందేపల్లి మీదుగా బస్సులు తరచుగానే ఉంటాయి. గంటకు కొంచెం పైన పడుతుంది, టికెట్టు ఇరవై రూపాయల లోపే. కిటికీ పక్కన కూర్చుంటే వేడిగాలి ముఖాన కొడుతుంది. కూర్చోకపోతే ఊపిరాడదు. వేసవి కావడంతో చేలన్నీ ఖాళీగా ఉన్నాయి. వానపడితే గానీ వేరుశనగ విత్తరు. గుట్టలు, మధ్య మధ్య తుమ్మలు, అక్కడక్కడా మేకలు. నా వెనక సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఎవరి కోడలో అత్తను చూడటం లేదని సోమందేపల్లి దాకా మాట్లాడుకున్నారు. ఆ కోడలి మీద నాకు జాలి కలిగింది. ఊళ్ళో అందరి నోళ్ళలోనూ పడటం ఎలా ఉంటుందో నాకు తెలియదు, ఎందుకంటే నా సంగతి ఇంకా ఎవరి నోట్లోనూ పడలేదు. పెద్దమ్మ రెండేళ్ళుగా దాన్ని ఇల్లు దాటనివ్వలేదు.

పెనుకొండలో ఆర్డీవో ఆఫీసు ఆవరణలో రేకుల పంచ కింద టైపు మిషన్లు పెట్టుకుని లేఖరులు కూర్చుంటారు. లోపలి గుమాస్తా మా పత్రం చూసి, ప్రమాణపత్రం ముసాయిదా బయట రాయించుకుని, పెద్దామె చేత నోటరీ దగ్గర సంతకం పెట్టించి తీసుకురమ్మన్నాడు. మర్యాదగానే చెప్పాడు. బయట ఒక లేఖరి స్టాంపు కాగితం మిషనులోకి ఎక్కించి, నా వివరాలు అడగడం మొదలుపెట్టాడు. పేరు, పుట్టిన ఊరు, తల్లిదండ్రులు, అన్నీ సాఫీగా సాగాయి.

"ఇంటాయన పేరు చెప్పండమ్మా."

"అది అవసరమా?"

"ఆడోళ్ళకు తండ్రి పేరన్నా ఉండాల, మొగుని పేరన్నా ఉండాల కదమ్మా. ఈ వయసులో ఉత్త తండ్రి పేరు రాస్తే లోపల అడుగుతారు."

"మొగుడు లేడు."

ఆయన వేళ్ళు మిషను మీద ఆగాయి. గొంతు తగ్గించి, "పోయినాడా?" అన్నాడు.

"లేదు. అసలు లేడు."

"అంటే పెండ్లి కాలేదు. అదే రాస్తా, చిక్కుండదు."

నేను శారద వైపు చూశాను. ఆమె పంచ స్తంభానికి ఆనుకుని, చీర కొంగుతో మెడ తుడుచుకుంటోంది. ఏ దేశపు ఫారంలోనైనా మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడే గడి ఇదే. "బరీలి బిడు" అంది కన్నడంలో, రాయనీ వదిలెయ్ అని. నేను వదిలేశాను. మిషను టకటకమని అవివాహిత అనే మాట కొట్టేసింది. మన చట్టానికి మా పెళ్ళి పెళ్ళి కాదు కాబట్టి ఆ మాటలో తప్పు లేదని నాకు నేనే చెప్పుకున్నాను. తప్పు లేనిదానికి మనసు ఎందుకు మొరాయిస్తోందో ఆలోచించే ఓపిక లేదు.

అప్పుడే రమణ ఫోన్ చేశాడు. "అక్కా, అమ్మ సంతకం పెడతానంది." నేను ఊపిరి పీల్చుకునేలోగా, "అయితే ఒక మాట. ఆయమ్మను మాత్రం ఇంటికి తీసకరావద్దు. పాపకు సంబంధాలు చూస్తాండాము. ఏమనుకోవద్దక్కా" అన్నాడు. పాప అంటే అతని కూతురు, డిగ్రీ చదువుతోంది. సరేనన్నాను. ఫోన్‌లో మాటలు శారదకు వినపడలేదు గానీ, నా సరే విని ఆమెకు అర్థమైపోయింది. బస్టాండు ఎదురుగా హోటల్లో భోజనం చేశాం. సాంబారు బాగుంది, ఇద్దరం సగం వదిలేశాం.

పెనుకొండ నుంచి ధర్మవరానికి కొత్తచెరువు మీదుగా వెళ్ళే బస్సు ఎక్కాం. రెండు గంటలు పట్టింది. మధ్యాహ్నపు బస్సులు నేరుగా ఉండవు, కొత్తచెరువులో మారాల్సి రావచ్చు, అడిగి ఎక్కండి. మాకు నేరుగా దొరికింది. కొత్తచెరువు దాటాక శారద అడిగింది.

"స్టేషన్ దగ్గర ఏదైనా హోటల్ ఉంటుందా?"

"ఉంటుంది."

"నీకు కార్డు వస్తుంది. చలికాలం ఇక్కడికి వస్తాం. వచ్చినప్పుడల్లా నేను ఇట్లా హోటల్లోనే కూర్చోవాలా?"

ఆమె కోపంగా అడిగి ఉంటే పోట్లాడేదాన్ని. కోపం లేకుండా అడిగింది, రోగి బీపీ ఎంతో అడిగినట్టు. కిటికీ బయటికి చూస్తూ ధర్మవరం వచ్చేదాకా అలాగే కూర్చున్నాం. ఈ ప్రయాణం ఇక్కడితో ఆపేసి, రాత్రి రైలు పట్టుకుని బెంగుళూరు వెళ్ళిపోదామా అని ఒక క్షణం నిజంగా అనిపించింది. అంతకన్నా, మనకు కార్డు వద్దు శారదా అని చెప్పాలనిపించింది. చెప్పలేదు. అలసట ఎక్కువైనప్పుడు మనిషి వెనక్కి తిరగడానికి కూడా ఓపిక చేసుకోలేడు. మొదలుపెట్టిన దిక్కునే పోతూ ఉంటాడు.

శారదను స్టేషన్ ఎదురుగా ఉన్న హోటల్లో, ఫ్యాను కింద బల్ల దగ్గర కూర్చోబెట్టాను. ఆటోలో పెద్దమ్మ ఇంటికి ఇరవై రూపాయలు. ఆ వీధిలో ఇంటింటా మగ్గం చప్పుడు. పెద్దమ్మ వాళ్ళది చీరల వ్యాపారం. కింద అంగడి, పైన ఇల్లు. రమణ మెట్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. నా వెనక ఎవరూ లేరని చూసుకుని, తల వంచుకున్నాడు.

పెద్దమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. సన్నబడింది. నేను కాళ్ళకు దండం పెడితే వద్దనలేదు, దీవించనూ లేదు. "నీళ్ళు తాగు" అంది. కోడలు చెంబు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. కుశల ప్రశ్నలేవీ లేవు. "తెచ్చినావా?" అని చేయి చాపింది. కాగితం ఇచ్చాను. కర్ణాటక సరిహద్దున ఉన్న మడకశిరలో ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి, ఏ కాగితమైనా పూర్తిగా చదవందే ముట్టదు. కళ్ళద్దాలు పెట్టుకుని పెదవులు కదుపుతూ ఒక్కో వాక్యం చదివింది. మధ్యలో ఒకచోట వేలు ఆగింది.

"ఇది ఎవురు రాయించినారు?"

"ఏది పెద్దమ్మా?"

"అవివాహిత అని ఉండాదే, అది."

"పెనుకొండలో లేఖరి రాశాడు."

"నువ్వు చూసుకోలేదా?"

"చూశాను."

పెద్దమ్మ కళ్ళద్దాలు తీసి నా ముఖం చూసింది. రెండేళ్ళ తరువాత మొదటిసారి. "నాకు ఫోన్లో ఏం చెప్పింటివి? పెండ్లయింది పెద్దమ్మా అని చెప్పలేదా?"

"చెప్పాను."

"అది అబద్ధమా, ఇది అబద్ధమా?"

రమణ గుమ్మం దగ్గర నుంచి, "అమ్మా, నిదానంగా" అన్నాడు. "ఇదే అబద్ధం" అన్నాను.

"మరి దేవుని మీద ప్రమాణం చేసి నేనెట్ల సంతకం పెట్టేది?"

"ఉత్త కాగితమమ్మా, ఆఫీసోళ్ళు అట్లే రాస్తారు" అన్నాడు రమణ.

"ఉత్త కాగితమైతే నా కాడికి ఎందుకు తెచ్చినారు? మీరే పెట్టుకోండి సంతకం."

"పెండ్లయిందని రాస్తే మొగుని పేరు అడుగుతారు కదమ్మా. ఎవురి పేరు చెప్పాల?"

పెద్దమ్మ కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "ఆ పెండ్లి నేను చేసినానా, చూసినానా? నాకు తెల్దు. తెల్సుకోవల్లని గూడా లేదు. ఈ బిడ్డ పుట్టింది మాత్రం నాకు తెల్సు. ఆ పొద్దు మంత్రసాని వచ్చేలోపలే పుట్టేసింది. నా ఈ రెండు చేతుల్లోకే వచ్చింది. ఏడ్వలేదు. తలకిందులుగా పట్టుకుని వీపున తట్టితే ఏడ్చింది. నేను చూసింది అది. అది మటుకే చెప్తా. ఆ మాట తీసేయమను, వస్తా."

ఆమె ఆ మాటలన్నీ గోడకేసి చూస్తూ చెప్పింది. నా వైపు చూడలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి గానీ, ఆమె చూడకపోవడమే మంచిదనిపించింది.

నోటరీ ఆఫీసు కోర్టు రోడ్డులో ఉంది. ఆటోలో నేనూ పెద్దమ్మా పక్కపక్కన కూర్చున్నాం, రమణ స్కూటరు మీద ముందు వెళ్ళాడు. నోటరీ యాభై ఏళ్ళ లాయరు. పెద్దమ్మ చెప్పింది విని, "పుట్టుకకు దీనికి సంబంధం లేదులే అవ్వా. కొట్టేసి పక్కన పొడి సంతకం పెట్టు, నేనూ పెడతా" అన్నాడు. అంతే. మధ్యాహ్నం నుంచి మమ్మల్ని నలిపేసిన మాట ఒక గీతతో పోయింది. పెద్దమ్మ ప్రమాణం చేసి, ప్రతి పేజీ మీదా అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తన పేరు రాసింది. నోటరీకి వంద రూపాయలు ఇచ్చాం. రమణ అంగడి మూసే వేళయిందని అక్కడి నుంచే వెళ్ళిపోయాడు.

తిరిగి ఆటో ఎక్కాక పెద్దమ్మ అడిగింది. "ఆయమ్మ యాడ ఉండాది?"

"స్టేషన్ కాడ హోటల్లో."

"ఎప్పటినుంచి?"

"ఊళ్ళో దిగినప్పటినుంచి."

పెద్దమ్మ ముందుకు వంగి, "స్టేషన్ మీదుగా పోనీప్పా" అని ఆటో ఆయనతో చెప్పింది. హోటల్ ముందు ఆగాక అతను, "దిగుతారామ్మా?" అని అడిగితే, "దిగను. కొంచేపు నిలబెట్టు" అంది. నేను లోపలికి వెళ్ళి శారదను పిలిచాను. ఏమి జరగబోతోందో నాకే తెలియదు, ఆమెకేం చెప్పను? ఆమె లేచి, జుట్టు సవరించుకుని బయటికి వచ్చింది. ఆటో పక్కన నిలబడి నమస్కారం పెట్టింది.

పెద్దమ్మ ఆమెను పైనుంచి కిందదాకా చూసి, "ఊట ఆయ్తా?" అంది. భోజనం అయిందా అని. తరువాత మాటలన్నీ కన్నడంలోనే నడిచాయి. పెద్దమ్మది మడకశిర కన్నడం, మాటమాటకూ తెలుగు కలుస్తుంది. ఆటో ఆయన ఈలోగా దిగి బీడీ వెలిగించుకున్నాడు.

"మీ అమ్మ ఉందా?" అని అడిగింది పెద్దమ్మ.

"ఉందమ్మా, ఊళ్ళోనే."

"పోయి చూసి వచ్చినావా?"

"రావద్దంది. ఆరేళ్ళయింది. నా గొంతు వింటే ఫోన్ పెట్టేస్తుంది."

పెద్దమ్మ చాలాసేపు రోడ్డు వైపు చూసింది. ఎవరో సామాను దింపుకుంటున్నారు, రైలు వచ్చినట్టుంది. "నేనూ పెట్టేసినా" అంది చివరికి. "ఇంటికి రమ్మని నిన్ను పిలవలేను. మనవరాలి పెండ్లి కావల్ల. నేనొక్కదాన్నే ఉంటే ఏం చేసుందునో, అది గూడా నాకు తెల్దు."

"నాకు అర్థమవుతుందమ్మా" అంది శారద.

"అర్థమయ్యేదానికేమి, అర్థమవుతుంది. కష్టం కష్టమే కదా."

శారద దానికి తల ఊపింది. పెద్దమ్మ నా వైపు తిరిగి తెలుగులో, "ఆదివారం పొద్దున చెయ్యి ఫోను. రమణ కింద అంగట్లో ఉంటాడు. నేనే ఎత్తుతా" అంది. ఆటో వెళ్ళిపోయింది. శారద రోడ్డు మీదే నిలబడి అది మలుపు తిరిగేదాకా చూసింది. ఏమైనా అంటుందేమోనని ఎదురుచూశాను. "మీ పెద్దమ్మ కన్నడ బాగుంది" అంది. తరువాత లోపలికి వెళ్ళి కూర్చుని, ఇంకో కాఫీ చెప్పి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

ఆ రాత్రి ధర్మవరంలోనే ఉండి, మర్నాడు మొదటి బస్సుకు పెనుకొండ వెళ్ళి కాగితాలు ఇచ్చాం. లోపలి గుమాస్తా కొట్టివేత మీద వేలు పెట్టి, "ఇదేంది?" అని అడిగాడు. "ఆమె చూసింది మాత్రమే చెప్తానన్నారు" అన్నాను. ఆయన తారీఖు ముద్ర వేసి తీసుకున్నాడు. నెలన్నర తరువాత ఉత్తర్వు వచ్చింది. హిందూపురంలో నా పేరు నమోదయింది. రమణ ధ్రువపత్రం కొరియర్‌లో పంపాడు. కార్డు దరఖాస్తులో భర్త లేక భార్య పేరు అన్నచోట శారద పేరు రాసి పంపాను. అది ఒప్పుకుంటారో, తిప్పి పంపుతారో ఇంకా తెలియదు. తిప్పి పంపితే ఏం రాయాలో అప్పుడు ఇద్దరం కూర్చుని ఆలోచిస్తాం.

మొదటి ఆదివారం పెద్దమ్మే ఫోన్ ఎత్తింది. పట్టు ధర, మోకాళ్ళ నొప్పి, కరెంటు కోత, ఇవే మాట్లాడింది. పెట్టేసే ముందు, "ఆయమ్మ బాగుండాదా?" అని అడిగింది. బాగుందన్నాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆ ప్రశ్న చివర్లోనే వస్తుంది. శారద పేరు ఇంకా ఆమె నోటి నుంచి రాలేదు.

ఆ ప్రయాణంలో నన్ను అలసిపోయేలా చేసింది ఎండా కాదు, బస్సులూ కాదు. అడిగిన ప్రతి మనిషికీ ఏ జవాబు చెప్పాలో అప్పటికప్పుడు తేల్చుకోవడం. ఇన్నేళ్ళుగా చేస్తున్న ఆ పని ఎంత బరువైనదో, పెద్దమ్మ కూర్చున్న ఆ ఒక్క గదిలో అది అక్కర్లేకపోయినప్పుడే తెలిసింది. పెద్దమ్మకు మా బతుకు నచ్చలేదు, ఇక ముందు కూడా నచ్చకపోవచ్చు. కానీ తన ముందు నేను అబద్ధం చెప్పడం కూడా ఆమెకు నచ్చలేదు. మమ్మల్ని ఇష్టపడేవాళ్ళు చాలామంది, మా చేత అబద్ధం చెప్పించుకునే ఇష్టపడ్డారు. ఈ రెంటిలో ఏది మేలని శారదను అడిగితే, రెండూ చాలవు అంది. ఆమె చెప్పింది నిజమే. అయినా ఆదివారం పొద్దున పెద్దమ్మ గొంతు వినేసరికి నాకు కొంచెం తేలికగా ఉంటుంది.

మీలో ఎవరైనా ఇలాంటి పని మీద బయల్దేరుతుంటే ఒక్క మాట. నేను పోయిన వరసలో పోవద్దు. సంతకం పెట్టాల్సిన పెద్దవాళ్ళు ఏ ఊళ్ళో ఉంటే ముందు ఆ ఊరికి వెళ్ళండి, ఒక రోజు వాళ్ళ దగ్గర కూర్చోండి, వాళ్ళు ఏ మాట చెప్పగలరో విని అదే కాగితం మీద రాయించండి. ఆఫీసులు మర్నాడు కూడా తెరుస్తారు.